మేనమామల ఊళ్లో, ఇంటి దగ్గర పుట్టినవారికి ముప్పై ఎనిమిదేళ్ల తరువాత జనన ధ్రువీకరణ పత్రం ఎలా వస్తుంది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను 1986లో మా అమ్మమ్మగారి ఇంట్లో పుట్టాను. తొలి కాన్పు కాబట్టి అమ్మ ఆనవాయితీ ప్రకారం పుట్టింటికి వెళ్లింది, ఊరి మంత్రసాని పురుడు పోసింది. ఆసుపత్రి గడప తొక్కలేదు కనుక ఆసుపత్రి కాగితమంటూ ఏదీ లేదు. నాకు ఆరు నెలలు నిండకముందే మమ్మల్ని నాన్నగారి ఊరికి తీసుకువచ్చారు, నా చదువంతా అక్కడే సాగింది. పదో తరగతి మార్కుల జాబితా తప్ప పుట్టిన తేదీకి మరో ఆధారం చూపవలసిన అవసరం ఇంతవరకు రాలేదు. ఉద్యోగానికి, పాస్‌పోర్టుకు అదే సరిపోయింది.

మా వారు అమెరికాలో పని చేస్తున్నారు. ఆయనతో పాటు నాకూ గ్రీన్ కార్డు కోసం పెట్టుకునే దరఖాస్తుకు, తల్లిదండ్రుల పేర్లూ పుట్టిన చోటూ ఉన్న జనన ధ్రువీకరణ పత్రం కావాలన్నారు. మొదట మేము ఇప్పుడు ఉంటున్న పట్టణంలోని మున్సిపల్ కార్యాలయానికి వెళితే, మీ సొంత ఊరికి వెళ్లి అడగమన్నారు. నాన్నగారి ఊరి పంచాయతీకి వెళితే, కంప్యూటర్లో నా పేరు కొట్టి చూసి, రికార్డు లేదని, ఆసుపత్రి ఇచ్చిన కాగితం తెస్తే చూద్దామని చెప్పారు. ఆ కార్యాలయం బయట ఒక వ్యక్తి, వారం రోజుల్లో ఏ తేదీ కావాలంటే ఆ తేదీతో సర్టిఫికెట్ తెచ్చిపెడతానని, అందుకు ఇంత అవుతుందని అన్నాడు. నాకు భయం వేసి తిరిగి వచ్చేశాను.

మరో చిక్కు కూడా ఉంది. నేను వరలక్ష్మీ వ్రతం నాడు పుట్టానని, ఆ రోజు ఊరి బడిలో జెండా కూడా ఎగరేశారని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. పంచాంగం చూస్తే ఆ సంవత్సరం ఆగస్టు 15 శుక్రవారమే, వ్రతం ఆ రోజే వచ్చింది. కానీ నన్ను బడిలో చేర్చేటప్పుడు ఐదేళ్లు నిండినట్టు ఉండాలని మాస్టారు 1986 జూన్ 1 అని వేశారు. పదో తరగతి జాబితాలోనూ, పాస్‌పోర్టులోనూ ఆ తేదీయే ఉంది. అమ్మమ్మ, తాతయ్య, నాన్నగారు ఇప్పుడు లేరు. అమ్మ, మేనమామ ఉన్నారు. ఈ స్థితిలో నేను ఏ కార్యాలయానికి వెళ్లాలి, ఏమని అడగాలి, ఏ తేదీ రాయాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: విశ్రాంత పంచాయతీ కార్యదర్శి

అమ్మా, మీరు వెళ్లిన రెండు కార్యాలయాలలోనూ మీ రికార్డు ఉండే అవకాశం మొదటి నుంచీ లేదు. జనన మరణాల నమోదు చట్టం, 1969 ప్రకారం జననం ఏ ఊళ్లో జరిగితే ఆ ఊరి రిజిస్ట్రారు దగ్గరే నమోదవుతుంది. తల్లిదండ్రుల సొంత ఊరు ఏది, ఇప్పుడు మీరు ఎక్కడ ఉంటున్నారు అన్న వాటితో దానికి సంబంధం లేదు. తొలి కాన్పు పుట్టింట్లో జరిపించే మన ఇళ్లలో ఈ పొరపాటు చాలా ఎక్కువ. పెద్ద కొడుకో పెద్ద కూతురో తండ్రి ఊళ్లో పదిసార్లు తిరిగి, రికార్డు లేదని నిరాశపడి వెళ్లిపోవడం నా ఉద్యోగకాలంలో ఎన్నోసార్లు చూశాను. నేను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: అమ్మ ఎక్కడ ప్రసవించింది? పట్టణంలోని ఆసుపత్రిలో ప్రసవమైతే ఆ పట్టణ పురపాలక సంఘంలో వెతకాలి, పల్లెలో ఇంటి దగ్గరైతే ఆ పల్లె రికార్డులో వెతకాలి. మీ విషయంలో అది మీ మేనమామల ఊరు.

రెండో విషయం ఇంకా ముఖ్యమైనది. మీ జననం నమోదు కాలేదని మీకు మీరే నిర్ణయించుకోకండి. ఇంట్లో జరిగిన జననాన్ని తెలియజేయవలసిన బాధ్యతను చట్టం ఇంటి పెద్ద మీద పెట్టింది. 1980లలో కూడా చాలామంది పెద్దవాళ్లు ఆ పని చేసేవారు, ఆ సంగతి ఇంట్లో ఆడవాళ్లకు తెలియకపోవడం మామూలే. మీ తాతగారు చెప్పారో లేదో రిజిస్టరు చూస్తేనే తెలుస్తుంది. అప్పటి రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కలేదు కాబట్టి, తెర మీద కనిపించనంత మాత్రాన రికార్డు లేదని అర్థం కాదు. కాగితపు రిజిస్టరు తీయించి చూడమని అడగడం మీ హక్కు. చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం నిర్ణీత రుసుము చెల్లించి ఎవరైనా రిజిస్టరులో వెతికించుకోవచ్చు, జననానికి సంబంధించిన నమోదు నకలు తీసుకోవచ్చు.

వెతకడంలో ఒక మెళకువ ఉంది. ఆ రోజుల్లో బారసాల కాకముందే నమోదు జరిగేది కాబట్టి పేరు గడి చాలాసార్లు ఖాళీగా ఉంటుంది, లేదా ఆడ శిశువు అని మాత్రమే ఉంటుంది. అందువల్ల మీ పేరుతో వెతికితే దొరకదు. తండ్రి పేరు, తల్లి పేరు, శిశువు ఆడా మగా, పుట్టిన నెల, ఈ నాలుగు ఆధారాలతో వెతకమని దరఖాస్తులో రాయండి. ఇంటి పేరును ఆనాటి గుమాస్తా చెవికి వినిపించినట్టు రాసి ఉంటాడు, కాబట్టి దగ్గరి రూపాలు కూడా చూడమని చెప్పండి. నమోదు ఆలస్యమై ఉండవచ్చు కనుక 1986తో ఆపకుండా 1987 చివరి వరకు చూడమని అడగండి. తాతగారు మీ నాన్నగారి పేరుకు బదులు తన పేరు చెప్పిన సందర్భాలు కూడా ఉండవచ్చు, అవి కూడా గమనించాలి.

ఇక రిజిస్టరు ఎక్కడ ఉంటుందన్నది. మన ఊళ్లలో కరణాలు, మునసబులు ఉన్న వ్యవస్థను 1984 జనవరిలో రద్దు చేశారు. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. మీరు పుట్టిన 1986 సరిగ్గా ఆ మార్పుల వెంటనే వచ్చిన ఏడాది. పాత గ్రామాధికారుల చేతుల్లోని దస్త్రాలు ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి మారుతూ సర్దుకుంటున్న కాలమది. ఆ కాలపు రిజిస్టర్లు కొన్ని ఊళ్లలో పంచాయతీలో దొరుకుతాయి, కొన్ని ఊళ్లవి తహసీల్దార్ కార్యాలయం రికార్డు గదిలో కట్టలు కట్టి ఉంటాయి. రెండు చోట్లా విడివిడిగా దరఖాస్తు ఇవ్వండి. ఊరు అప్పట్లో ఏ తాలూకాలో ఉండేదో మీ మేనమామను అడిగి అది కూడా రాయండి. నోటి మాటగా అడిగితే నోటి మాటగానే జవాబు వస్తుంది. రాసి ఇచ్చి, నకలు మీద కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకోండి. ఎన్నిసార్లు అడిగినా జవాబు రాకపోతే, ఫలానా సంవత్సరపు జనన రిజిస్టరు మీ కార్యాలయంలో ఉందా లేదా అని సమాచార హక్కు చట్టం, 2005 కింద అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ ఒక్క ప్రశ్నకే రికార్డు గది తలుపు తెరుచుకున్న సందర్భాలు నాకు తెలుసు.

వెతికిన తరువాత రెండింటిలో ఒకటి జరుగుతుంది. నమోదు దొరికితే ధ్రువీకరణ పత్రం అక్కడే ఇస్తారు, మీకు ఇక ఆర్డీవో దాకా వెళ్లే పని లేదు. దొరకకపోతే, నమోదు లేదని ధ్రువపత్రం, అంటే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్, అడిగి తీసుకోండి. దానికి నిబంధనలలో పదో నంబరు ఫారం ఉంది. ఆ కాగితం చేతికి వచ్చాకే ఆలస్యపు నమోదుకు దరఖాస్తు పెట్టాలి. ఈ వరుస తప్పకండి.

జవాబు: తండ్రిగారి నమోదు చేయించిన ఒకరు

పైన పెద్దలు చెప్పిన వరుసను నేను తప్పి, దాదాపు నాలుగు నెలలు పోగొట్టుకున్నాను కాబట్టి నా అనుభవం రాస్తున్నాను. మా నాన్నగారికి జనన ధ్రువీకరణ పత్రం అవసరమైనప్పుడు, నేను నేరుగా మీసేవ కేంద్రానికి వెళ్లి మేముంటున్న మండలంలో ఆలస్యపు నమోదుకు దరఖాస్తు పెట్టాను. నమోదు లేదని ధ్రువపత్రం జతపరచలేదు, పైగా పుట్టిన ఊరు వేరే డివిజన్‌లో ఉంది. దరఖాస్తు విచారణ దాకా వెళ్లి తిరస్కరణతో తిరిగి వచ్చింది. ఆ కాలమంతా ఆయన ప్రతి సాయంత్రం ఏమైందని అడిగేవారు. తప్పు నాదే కావడంతో ఆ ప్రశ్న నన్ను చాలా బాధపెట్టింది.

రెండోసారి సరైన చోట మొదలుపెట్టాక పని ఇలా నడిచింది. ఆయన పుట్టిన ఊరి పంచాయతీ నుంచి నమోదు లేదని ధ్రువపత్రం తీసుకున్నాం. దానితో పాటు బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, పదో తరగతి జాబితా, ఆధార్, రేషన్ కార్డు నకళ్లు, ఆయన అక్కగారి వాంగ్మూలం, అదే వీధిలో ఉండే ఇద్దరు పెద్దల వాంగ్మూలాలు జతచేసి దరఖాస్తు పెట్టాం. తహసీల్దార్ కార్యాలయం నుంచి విచారణకు వచ్చి, ఊళ్లో పెద్దలను అడిగి, నివేదికను ఆర్డీవోకు పంపారు. ఆర్డీవో ప్రొసీడింగ్స్ ఇచ్చాక, ఆ ఉత్తర్వు నకలు పట్టుకుని మళ్లీ పంచాయతీకి వెళితే అప్పుడు రిజిస్టరులో నమోదు చేసి సర్టిఫికెట్ ఇచ్చారు. ఆర్డీవో ఇచ్చేది నమోదు చేయమనే ఉత్తర్వు మాత్రమే, సర్టిఫికెట్ ఇచ్చేది స్థానిక రిజిస్ట్రారే. చాలామంది ఆ ఉత్తర్వునే సర్టిఫికెట్ అనుకుని ఇంటికి వెళ్లిపోతున్నారని అక్కడి ఉద్యోగి చెప్పారు.

మీరు చేయవలసిన పనులలో నేను అన్నిటికన్నా ముందు పెట్టేది ఒకటుంది. మీ అమ్మగారిని, మేనమామగారిని ఇప్పుడే కూర్చోబెట్టి, మీ పుట్టుక గురించి వారికి గుర్తున్నదంతా తేదీలతో సహా రాయించుకోండి. మంత్రసాని కుటుంబం ఆ ఊళ్లో ఉంటే వారిని కూడా కలవండి. మా నాన్నగారి విషయంలో, మేము కలవాలనుకున్న ఇద్దరు పెద్దలలో ఒకరు మొదటి దరఖాస్తు తిరిగి వచ్చేలోపే కన్నుమూశారు. కాగితాలు ఆలస్యంగానైనా సంపాదించుకోవచ్చు, కళ్లారా చూసిన మనిషి పోతే ఆ సాక్ష్యం మళ్లీ రాదు.

జవాబు: న్యాయవాది

పై ఇద్దరూ చెప్పినవి సరైనవే. చట్టపరమైన రెండు మూడు సంగతులను కలుపుతాను.

ఆలస్యపు నమోదు గురించి 13వ సెక్షన్ మూడు మెట్లు పెట్టింది. జననం జరిగిన 21 రోజుల్లో చెప్పాలి. ఆ గడువు దాటినా, పుట్టిన నాటి నుంచి 30 రోజుల్లోపైతే ఆలస్య రుసుముతో సరిపోతుంది. 30 రోజులు దాటి ఏడాదిలోపైతే నిర్దేశిత అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఉండాలి. ఆ మేజిస్ట్రేట్ ఎవరన్న దాన్ని 2023 సవరణ చట్టం మార్చింది. పాత చట్టంలో ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ అని ఉండేది. 2023 అక్టోబర్ 1 నుంచి జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్, లేదా జిల్లా మేజిస్ట్రేట్ అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ అని ఉంది. మన రాష్ట్రాలలో సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ అంటే ఆర్డీవోయే. కనుక కోర్టులో పిటిషన్ వేయాలని ఎవరైనా చెబితే, ఈ సవరణ సంగతి వారికి గుర్తుచేయండి. జననం జరిగిన ప్రాంతంపై అధికారం ఉన్న మేజిస్ట్రేటే ఉత్తర్వు ఇవ్వాలన్నది మాత్రం గట్టిగా గుర్తుంచుకోవలసిన మాట. పై మిత్రుని మొదటి దరఖాస్తు ఎందుకు తిరిగి వచ్చిందో దీన్నిబట్టే అర్థమవుతుంది.

రిజిస్టరు వెతకకుండా ఆలస్యపు నమోదు చేయించుకోవడంలో మరో ప్రమాదం ఉంది. తాతగారు అప్పుడే నమోదు చేయించి ఉంటే, ఒకే జననానికి రెండు నమోదులు ఏర్పడతాయి. తరువాత ఏనాడైనా అది బయటపడితే, సక్రమంగా జరగని నమోదుగా భావించి రెండోదాన్ని 15వ సెక్షన్ కింద రద్దు చేయవచ్చు. విదేశీ కార్యాలయానికి సమర్పించిన పత్రం ఆ తరువాత రద్దయితే దరఖాస్తు మొత్తం అనుమానంలో పడుతుంది. దళారి ఇస్తానన్న సర్టిఫికెట్ సంగతి ఇంతకన్నా దారుణం, ఎందుకంటే దాని వెనుక రిజిస్టరులో నమోదే ఉండదు, ఉన్నా అది తప్పుడు నమోదే అవుతుంది. మీరు తిరిగి వచ్చేయడం చాలా మంచి పని.

ఇక తేదీ. నమోదు దొరికితే రిజిస్టరులో ఉన్న తేదీయే సర్టిఫికెట్‌లో వస్తుంది, బడి రికార్డుకు సరిపోవాలని దాన్ని మార్చరు, మార్చమని అడగకూడదు కూడా. 15వ సెక్షన్ కింద జరిగే సవరణ రిజిస్టరులో నిజంగా తప్పు పడినప్పుడే. అప్పుడు కూడా పాత రాతను కొట్టివేయరు, అంచున సరైన వివరం రాసి, సంతకం చేసి, తేదీ వేస్తారు. నమోదు దొరకక ఆలస్యపు నమోదుకు వెళ్లవలసి వస్తే, చాలామంది పదో తరగతి తేదీనే రాసి ఇబ్బంది తప్పించుకుందామని చూస్తారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. జూన్ 1 నిజం కాదని మీకు తెలుసు, మీ అమ్మగారికి తెలుసు. తెలిసి తెలిసి తప్పుడు సమాచారం ఇవ్వడం ఈ చట్టం కింద నేరం, దానికి మీ అమ్మగారి చేత సంతకం చేయించడం ఇంకా తప్పు. నిజమైన తేదీ చెప్పి, బడి రికార్డులో వేరే తేదీ ఎందుకు పడిందో అదే దరఖాస్తులో వివరించండి. బడిలో చేర్చేటప్పుడు జూన్ 1 అనో జులై 1 అనో వేయడం మన ప్రాంతంలో ఎంత సాధారణమో విచారణ అధికారులకు కూడా తెలుసు. తరువాత పాస్‌పోర్టులో తేదీ సరిచేయించుకోవాలా, లేక రెండు తేదీల తేడాను అఫిడవిట్‌తో వివరిస్తే సరిపోతుందా అన్నది, మీ గ్రీన్ కార్డు దరఖాస్తు చూస్తున్న న్యాయవాదిని అడిగి, ఆ దరఖాస్తు పెట్టకముందే తేల్చుకోండి.

మరొక మాట. నమోదు దొరకని పక్షంలో, అమెరికా వలస అధికారులు నమోదు లేదని ధ్రువపత్రంతో పాటు బడి రికార్డులు, మీ జననం తెలిసిన బంధువుల అఫిడవిట్లు వంటి ఇతర ఆధారాలను పరిశీలించే ఏర్పాటు వారి నిబంధనల్లోనే ఉంది. కాబట్టి ఆ ధ్రువపత్రం ఆలస్యపు నమోదుకు మాత్రమే పనికివచ్చే కాగితం అనుకోకండి. దాని మీద తల్లిదండ్రుల పేర్లు, వెతికిన సంవత్సరాలు, అధికారి హోదా, ముద్ర స్పష్టంగా ఉండేలా చూసుకోండి.

రిజిస్ట్రారు అకారణంగా నిరాకరిస్తే, 2023 సవరణతో వచ్చిన కొత్త నిబంధన ప్రకారం ముప్పై రోజుల్లో జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకోవచ్చు. ఆయన తొంభై రోజుల్లో తేల్చాలి. అప్పీలుకు నిరాకరణ రాతలో ఉండడం అవసరం, అందుకే పైన పెద్దలు రాసి ఇవ్వమన్నారు.

ప్రశ్న అడిగినవారు

ఇంత ఓపికగా రాసిన ముగ్గురికీ కృతజ్ఞతలు. ఊరి పేరు తప్పుగా అడుగుతున్నామన్న సంగతే నాకు ఇన్నాళ్లూ తట్టలేదు. అమ్మను, మామయ్యను అడిగి అన్నీ రాయించాను. తాతయ్య అప్పట్లో ఊళ్లో ఎవరింట్లో బిడ్డ పుట్టినా వెళ్లి రాయించమని చెప్పేవారని మామయ్య అన్నారు. ఒక సందేహం మిగిలింది. నమోదు దొరికినా అందులో నా పేరు లేకపోతే ఆ సర్టిఫికెట్ నాదేనని ఎలా రుజువవుతుంది?

జవాబు: విశ్రాంత పంచాయతీ కార్యదర్శి

అమ్మా, పేరు లేకుండా నమోదైన జననానికి తరువాత పేరు చేర్చే వీలు 14వ సెక్షన్‌లో ఉంది. నమోదైన 12 నెలల్లోపు రుసుము లేకుండా చేరుస్తారు, ఆ తరువాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేరుస్తారు. మీకు ఆ గడువు దాటింది, నిజమే. కానీ ఇలాంటి పాత నమోదుల కోసం ప్రభుత్వం మధ్య మధ్య ప్రత్యేక గడువులు ఇస్తూ వచ్చింది. అందువల్ల కుదరదన్న నోటి మాటతో వెనుదిరగకండి. పదో తరగతి జాబితా, ఆధార్, అమ్మగారి ప్రకటన జతచేసి పేరు చేర్పుకు దరఖాస్తు ఇచ్చి, రాతలో జవాబు తీసుకోండి. అది తేలే లోపు, పేరు లేని సర్టిఫికెట్‌ను కూడా వదులుకోకుండా తీసుకోండి. అందులో ఇద్దరు తల్లిదండ్రుల పేర్లు, ఊరు, తేదీ ఉంటాయి. ఆ తల్లిదండ్రులకు ఆ సంవత్సరంలో పుట్టిన ఆడపిల్ల మీరొక్కరేనని అమ్మగారు అఫిడవిట్ ఇస్తే దానికి బలం ఉంటుంది.

పేరు చేర్పించేటప్పుడు పూర్తి ఇంటి పేరుతో, పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతోనే రాయించండి. ఒకసారి చేర్చిన పేరును మార్చడం కొత్తగా చేర్చడం కన్నా చాలా కష్టం.

జవాబు: ప్రసూతి వార్డులో పనిచేసే నర్సు

ఈ చర్చ చదివే వారిలో ఇప్పుడు బిడ్డలను కన్నవారు కూడా ఉంటారు కాబట్టి చిన్న మాట. ఆసుపత్రిలో ప్రసవమైతే జననాన్ని తెలియజేసే బాధ్యత ఆసుపత్రిదే, కానీ ఆ ఫారంలో పడే అక్షరాలు మీరు చెప్పినవే. ప్రసవమైన రోజున ఎవరో దూరపు బంధువు వచ్చి తొందరలో తండ్రి పేరు, ఇంటి పేరు చెప్పి వెళ్లిపోతారు. ఆ తప్పు ఇరవై ఏళ్ల తరువాత బిడ్డ మెడకు చుట్టుకుంటుంది. డిశ్చార్జి అయ్యేలోపు ఆ ఫారం ఒకసారి అడిగి, ఇద్దరు తల్లిదండ్రుల ఆధార్ పక్కన పెట్టుకుని చదవండి. 2023 అక్టోబర్ 1న, ఆ తరువాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి, పాస్‌పోర్టుకు, ఓటరు జాబితాకు, డ్రైవింగ్ లైసెన్సుకు, పెళ్లి నమోదుకు పుట్టిన తేదీ, చోటు రుజువు చేసే ఆధారం జనన ధ్రువీకరణ పత్రమే. పై సోదరికి పదో తరగతి జాబితా ఇన్నేళ్లు అక్కరకు వచ్చినట్టు ఈ పిల్లలకు రాదు. పేరు నిర్ణయించడం ఆలస్యమైతే నమోదు ఆపకండి, పేరు లేకుండానే 21 రోజుల్లో నమోదు చేయించి, ఏడాదిలోపు పేరు చేర్పించండి.

ప్రశ్న అడిగినవారు

ఐదు వారాల తరువాత రాస్తున్నాను. మామయ్యతో కలిసి పంచాయతీలో, తహసీల్దార్ కార్యాలయంలో విడివిడిగా దరఖాస్తులు ఇచ్చాం. పంచాయతీలో ఆ తరువాతి సంవత్సరాల రిజిస్టర్లు మాత్రమే ఉన్నాయని రాసి ఇచ్చారు. తహసీల్దార్ కార్యాలయంలో రెండుసార్లు తిరిగాక, అక్కడి ఉద్యోగి ఒకరు రికార్డు గదిలోంచి మా ఊరి కట్ట దులిపి తెచ్చి, మా ముందే పేజీలు తిప్పారు. 1986 సెప్టెంబరు మొదటి వారంలో చేసిన నమోదు దొరికింది. పుట్టిన తేదీ 15-8-1986, ఆడ శిశువు. నాన్నగారి పేరు సరిగానే ఉంది, ఇంటి పేరులో ఒక అక్షరం తేడా. పేరు గడి ఖాళీ. సమాచారం ఇచ్చినవారి గడిలో తాతయ్య సంతకం ఉంది. మామయ్య దాన్ని చూసి చాలాసేపు మాట్లాడలేకపోయారు. తాతయ్య చేతిరాత మా దగ్గర మరెక్కడా లేదు.

నమోదు నకలుకు, ఇంటి పేరు సవరణకు, నా పేరు చేర్పుకు మూడు దరఖాస్తులు వేరువేరుగా ఇచ్చి రసీదులు తీసుకున్నాం. ఇంటి పేరు సవరణకు విషయం తెలిసిన ఇద్దరు పెద్దల ప్రకటనలు కావాలంటే, మామయ్య, ఎదురింటి పెద్దాయన సంతకాలు చేశారు. పేరు చేర్పు ఫైలు పై అధికారి అనుమతికి వెళ్లింది. తేదీల తేడా గురించి అమెరికాలోని న్యాయవాదికి తెలియజేశాం. పాస్‌పోర్టు సవరణ ముందుగా మొదలుపెట్టమని ఆయన చెప్పారు. నమోదు నకలు వచ్చే సోమవారం ఇస్తామన్నారు, అది చేతికి రాగానే పాస్‌పోర్టు పని మొదలుపెడతాను.